క్లోమం

క్లోమం జీర్ణాశయం వెనుక, వెన్నెముకకు అడ్డంగా పడుకుని ఉండే గ్రంథి. ఆస్పత్రుల్లో దీన్ని ప్యాంక్రియాస్ అంటారు. పెద్దవాళ్లలో సుమారు 15 సెంటీమీటర్ల పొడవు, 70 నుంచి 100 గ్రాముల బరువు ఉంటుంది. రెండు కోడిగుడ్లు తూగినంత కూడా తూగదు. అయినా రెండు వేర్వేరు పనులు దీని మీదే ఉన్నాయి. తిన్న పిండిపదార్థాలను, మాంసకృత్తులను, కొవ్వులను విడగొట్టే రసాన్ని తయారుచేసి నాళం ద్వారా పేగులోకి పంపడం ఒకటి. అరిగిన ఆహారం గ్లూకోజుగా రక్తంలో చేరాక దాన్ని ఎంత వాడాలో, ఎంత దాచాలో నిర్ణయించే హార్మోన్లను నేరుగా రక్తంలోకి వదలడం మరొకటి. అందుకే శరీరశాస్త్రంలో దీన్ని నాళ గ్రంథి, వినాళ గ్రంథి రెండూ కలిసిన మిశ్రమ గ్రంథిగా చెబుతారు. మొదటి పని ఆగితే తిన్నది ఒంటబట్టదు. రెండోది ఆగితే ఒంటబట్టింది అక్కరకు రాదు. షుగర్ మాట వినపడని ఇల్లు ఇవాళ తెలుగునాట అరుదు. ఆ షుగర్ లెక్క చూసే అవయవం మాత్రం జబ్బు చేసేదాకా ఎవరికీ గుర్తుకు రాదు.

పేరు

ప్యాంక్రియాస్ గ్రీకు మాట. ‘పాన్’ అంటే అంతా, ‘క్రెయాస్’ అంటే మాంసం. ఎముక, మృదులాస్థి ఏమీ లేకుండా అంతా మాంసంలాగే కనిపించడంతో ఆ పేరు వచ్చింది. క్రీ.పూ. 3వ శతాబ్దం నాటికే అలెగ్జాండ్రియాలో హీరోఫిలస్ శవపరిచ్ఛేదం చేసి దీన్ని గుర్తించాడు. ఆ తర్వాత చాలా శతాబ్దాలపాటు వైద్యులు దీన్ని పక్కనున్న రక్తనాళాలకు ఆసరాగా ఉండే మెత్త అనుకున్నారు.

‘క్లోమ’ సంస్కృత వైద్య గ్రంథాల్లో ఉన్న పాత మాట. నీటిని మోసే స్రోతస్సులకు తాలువు, క్లోమం మూలాలని చరక సంహిత చెబుతుంది. అయితే అక్కడ చెప్పిన క్లోమం నేటి ప్యాంక్రియాసేనా, మరో అవయవమా అన్న విషయంలో ఆయుర్వేద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. ఆధునిక శాస్త్రం కోసం పాత మాటను తీసుకుని కొత్త అర్థంలో స్థిరపరిచారు. కాబట్టి మాట ఒకటే కదా అని పాత గ్రంథాల్లో ఇన్సులిన్‌ను వెతకడం సరికాదు.

ఎక్కడ, ఎలా ఉంటుంది

బొడ్డుకు పైన, పక్కటెముకలు కలిసే చోటికి కింద అరచెయ్యి అడ్డంగా ఆనిస్తే, ఆ చేతికి బాగా లోపల క్లోమం ఉంటుంది. దాని ముందు జీర్ణాశయం, వెనుక మహాధమని, అధో మహాసిర, మొదటి రెండు కటి వెన్నుపూసలు. ఉదర కుహరాన్ని కప్పే పెరిటోనియం పొరకు కూడా వెనుకే, వీపు గోడకు అంటుకుని ఉంటుంది. దీనికి వాపు వస్తే నొప్పి పొట్టలో మొదలై వీపులోకి పొడుచుకుపోతుంది. రోగి వెల్లకిలా పడుకోలేడు. లేచి కూర్చుని మోకాళ్ల మీదికి వంగితే కొంత ఉపశమనం కలుగుతుంది. వైద్యుడు పరీక్ష మొదలుపెట్టకముందే ఆ కూర్చున్న తీరు సగం సంగతి చెప్పేస్తుంది.

గ్రంథిని తల, మెడ, దేహం, తోక అని నాలుగు భాగాలుగా చెబుతారు. చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలం ఒంపు తిరిగే చోట, ఆ ఒంపులో తల ఇమిడి ఉంటుంది. అక్కడి నుంచి గ్రంథి ఎడమవైపు కొద్దిగా పైకి సాగి, తోక ప్లీహాన్ని తాకేదాకా వెళుతుంది. తల కింది అంచు నుంచి కొక్కెంలా వంగిన చిన్న ముక్క ఒకటి పేగులకు రక్తం తెచ్చే పెద్ద ధమని, సిరల వెనక్కి పోతుంది. ఆ పేగుల సిర, ప్లీహం నుంచి వచ్చే సిర సరిగ్గా క్లోమం మెడ వెనుక కలుస్తాయి. కాలేయానికి రక్తం తీసుకెళ్లే నిర్వాహక సిర అక్కడే పుడుతుంది. కాలేయం నుంచి వచ్చే పిత్తనాళం క్లోమం తలలోంచి దూరి పేగును చేరుతుంది. అందువల్ల తలలో గడ్డ పుడితే పిత్తనాళం నొక్కుకుపోయి కామెర్లు వస్తాయి. తోకలో పుడితే ఆ సూచన కూడా ఉండదు.

శస్త్రవైద్యులు క్లోమానికి జంకేది దాని మెత్తదనానికి కూడా. మూత్రపిండానికి ఉన్నట్టు గట్టి తొడుగు దీనికి లేదు. లేత పసుపు కలిసిన గులాబీ రంగులో, చిన్న చిన్న తమ్మెలుగా, వెన్నలా ఉంటుంది. వేసిన కుట్టు కండను కోసేస్తుంది. కుట్టు సందులోంచి కారిన రసం చుట్టుపక్కల అవయవాలను దెబ్బతీస్తుంది.

నాళాలు

గ్రంథి పొడవునా తోక నుంచి తలదాకా ఒక నాళం ఉంది. 1642లో ఇటలీలోని పాదువాలో యోహాన్ గియోర్గ్ విర్సుంగ్, ఉరితీసిన ఒక వ్యక్తి శవాన్ని కోస్తుండగా దీన్ని చూశాడు. అది దేనికో ఆయనకు అంతుపట్టలేదు. బొమ్మను రాగి రేకు మీద చెక్కించి, అచ్చులు తీసి, యూరప్‌లోని పేరున్న శరీరశాస్త్రవేత్తలకు పంపి, ఇదేమిటో చెప్పమని అడిగాడు. జవాబు తేలకముందే, 1643లో హత్యకు గురయ్యాడు. ఆ నాళానికి నేటికీ విర్సుంగ్ పేరే ఉంది. తెలియనిది తెలియదని ఒప్పుకుని నలుగురినీ అడిగిన ఆ మనిషికి ఆ గౌరవం తగినదే.

ప్రధాన నాళం తల దగ్గర పిత్తనాళంతో కలిసి, వాటర్ అనే శాస్త్రవేత్త పేరున్న చిన్న ఉబ్బు గుండా ఆంత్రమూలంలోకి తెరుచుకుంటుంది. ఆ ద్వారాన్ని కండర వలయం ఒకటి కాపలా కాస్తుంది. దాన్ని 1887లో వివరించిన ఓడ్డీ పేరుతో పిలుస్తారు. కొందరిలో సంటోరిని నాళమనే మరో చిన్న దారి కూడా విడిగా తెరుచుకుంటుంది. రెండు దారులు ఉండడానికి కారణం పిండదశలో ఉంది. పేగు గొట్టం నుంచి ముందువైపు ఒక మొగ్గ, వెనుకవైపు ఒక మొగ్గ పుడతాయి. పేగుతోపాటు ముందు మొగ్గ వెనక్కి తిరిగి, రెండోదానితో అతుక్కుంటుంది. ఈ అతుకు సరిగా పడక నాళాలు కలవకుండా మిగిలిపోయినవాళ్లు నూటికి అయిదు నుంచి పదిమంది దాకా ఉంటారు. వాళ్లలో చాలామందికి దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు.

జీర్ణరసం

సూక్ష్మదర్శినిలో చూస్తే గ్రంథిలో ఎక్కువ భాగం ద్రాక్షగుత్తుల్లా కనిపిస్తుంది. ఒక్కో పండు ఒక కణాల గుంపు, కాడ సన్నని నాళం. పండులోని కణాలు ఎంజైములు తయారుచేస్తాయి. కాడలోని కణాలు బైకార్బొనేట్ నిండిన నీటిని చేరుస్తాయి. ఎంజైములు చిన్న సంచుల్లో మూటకట్టుకుని కణం కొస దగ్గర సిద్ధంగా ఉంటాయి. జీవకణం మాంసకృత్తిని ఎక్కడ తయారుచేసి, ఏ దారిన నడిపించి, ఎలా బయటికి పంపుతుందో జార్జ్ పలాడే ఈ క్లోమ కణాల్లోనే గమనించాడు. 1974లో నోబెల్ పొందిన ముగ్గురిలో ఆయన ఒకరు.

ముద్దపప్పు, నెయ్యి కలుపుకున్న అన్నం ముద్ద ఒకటి మింగామనుకుందాం. జీర్ణాశయంలో ఆమ్లంతో కలిసి పుల్లటి జావలా మారి, అది కొంచెం కొంచెంగా ఆంత్రమూలంలోకి దిగుతుంది. క్లోమరసం వచ్చి కలిసేది అక్కడే. ముందుగా బైకార్బొనేట్ ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది. అది జరగకపోతే పేగు గోడ పుండు పడుతుంది, ఎంజైములూ పనిచేయవు. తర్వాత అన్నంలోని పిండిపదార్థాన్ని అమైలేజ్ చిన్న చక్కెరలుగా తుంచుతుంది. పప్పులోని మాంసకృత్తిని ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ ముక్కలు చేస్తాయి. నెయ్యిని పైత్యరసం చిన్న బొట్లుగా చెదరగొడితే, లైపేజ్ ఆ బొట్లను విడగొడుతుంది. లాలాజలంలోనూ అమైలేజ్ ఉంది, జీర్ణాశయమూ మాంసకృత్తిని కొంత అరిగిస్తుంది. కానీ కొవ్వు విషయంలో క్లోమానికి సరైన ప్రత్యామ్నాయం లేదు. అందుకే గ్రంథి బాగా దెబ్బతిన్నవాళ్లకు మలం జిడ్డుగా, దుర్వాసనతో, నీటిమీద తేలుతూ పోతుంది. కొవ్వులో కరిగే ఏ, డీ, ఈ, కే విటమిన్లు కూడా దాంతోపాటే పోతాయి. రోజుకు దాదాపు లీటరున్నర క్లోమరసం ఊరుతుంది. తన బరువుకు ఎన్నో రెట్లు ఎక్కువ రసాన్ని ఈ గ్రంథి ప్రతిరోజూ ఇస్తుంది.

మాంసాన్ని అరిగించే రసం, మాంసంతోనే చేసిన గ్రంథిని ఎందుకు అరిగించదు? క్లోమాన్ని అర్థం చేసుకోవడానికి నా ఉద్దేశంలో ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న లేదు. ట్రిప్సిన్ కణంలో ట్రిప్సిన్‌గా పుట్టదు. కోరలు కట్టేసిన ట్రిప్సినోజెన్‌గా పుడుతుంది. దానితోపాటు అదే సంచిలో, పొరపాటున ఎక్కడైనా ట్రిప్సిన్ తయారైతే పట్టి ఆపే మరో మాంసకృత్తు కూడా ఉంటుంది. కట్టు విప్పే ఎంటరోకైనేజ్ అనే ఎంజైము క్లోమంలో ఎక్కడా ఉండదు. అది ఆంత్రమూలం గోడ మీదే ఉంటుంది. రసం పేగులోకి చేరాకే మొదటి ట్రిప్సిన్ విడుదలవుతుంది. ఆ ట్రిప్సిన్ మిగిలిన ట్రిప్సినోజెన్‌నూ తక్కిన ఎంజైములనూ మేల్కొలుపుతుంది. తాళం ఒకచోట, తాళంచెవి మరోచోట అన్నమాట.

రసం ఊరాలని చెప్పేదెవరు?

ఆహారం చూసినప్పుడు, వాసన తగిలినప్పుడు, నమిలినప్పుడు నరాల ద్వారా కొంత సంకేతం వెళుతుంది. రష్యాలో పావ్‌లోవ్ దీన్ని నిరూపించి, జీర్ణక్రియ మీద చేసిన కృషికి 1904లో నోబెల్ అందుకున్నాడు. అంతా నరాల పనేనని ఆ రోజుల్లో నమ్మేవారు. 1902 జనవరిలో లండన్ యూనివర్సిటీ కాలేజీలో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ ఒక కుక్క చిన్నపేగులో కొంత భాగానికి నరాల సంబంధం పూర్తిగా తెంచి, అందులో ఆమ్లం పోశారు. నరాలు లేకపోయినా క్లోమరసం ఊరింది. అయితే కబురు రక్తం ద్వారా వెళ్లి ఉండాలి. వెంటనే పేగు లోపలి పొరను గీరి, ఆమ్లంతో కలిపి నూరి, వడకట్టి ఆ ద్రవాన్ని కుక్క సిరలోకి ఎక్కించారు. కొద్దిసేపట్లోనే క్లోమరసం చుక్కలు చుక్కలుగా కారింది. ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. ఇలా రక్తంలో తిరిగి ఆజ్ఞలు మోసే పదార్థాలన్నిటికీ కలిపి స్టార్లింగ్ 1905లో ‘హార్మోన్’ అనే మాట వాడాడు. హార్మోన్ అనే భావన స్థిరపడింది క్లోమం మీద చేసిన ఈ ప్రయోగంతోనే.

పేగులోకి ఆమ్లం వస్తే సెక్రెటిన్ పుట్టి బైకార్బొనేట్‌ను రప్పిస్తుంది. కొవ్వు, మాంసకృత్తుల ముక్కలు వస్తే కోలిసిస్టోకైనిన్ అనే మరో హార్మోన్ ఎంజైములను రప్పిస్తుంది, పిత్తాశయాన్ని కూడా పిండుతుంది. బైకార్బొనేట్ బయటికి రావడానికి నాళ కణాల మీద క్లోరైడ్ ద్వారం ఒకటి సరిగా పనిచేయాలి. పుట్టుకతోనే అది చెడిపోతే రసం చిక్కబడి నాళాలను మూసేస్తుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బుకు ఆ పేరు ఊపిరితిత్తుల వల్ల రాలేదు, ఇలా తిత్తులుపడి గట్టిపడిన క్లోమం వల్ల వచ్చింది.

లాంగర్‌హాన్స్ పుటికలు

1869లో బెర్లిన్‌లో 22 ఏళ్లు నిండని వైద్య విద్యార్థి పౌల్ లాంగర్‌హాన్స్ తన సిద్ధాంత వ్యాసంలో, క్లోమంలో అక్కడక్కడా దీవుల్లా విడిగా ఉన్న కణాల గుంపులను వర్ణించాడు. అవేం చేస్తాయో తనకు తెలియదనే రాశాడు. 1893లో ఫ్రాన్స్‌లో లాగెస్ వాటికి ఆయన పేరు పెట్టాడు. ఈ పుటికలు సుమారు పది లక్షల దాకా ఉన్నా, మొత్తం గ్రంథి బరువులో నూటికి ఒకటి రెండు పాళ్లే.

1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మిన్‌కోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్ ఒక కుక్క క్లోమాన్ని పూర్తిగా తీసేశారు. కుక్క పదేపదే మూత్రం పోయసాగింది. పరీక్షిస్తే అందులో చక్కెర ఉంది. అంటే మధుమేహం మూలం క్లోమంలో ఉందని తేలింది. చక్కెరను అదుపులో ఉంచే ఆ పుటికల పదార్థాన్ని, అంటే ఇన్సులిన్‌ను, విడిగా తీయడానికి మరో 30 ఏళ్లు పట్టింది. అడ్డుపడింది ట్రిప్సినే. గ్రంథిని నూరిన ప్రతిసారీ అది ఇన్సులిన్‌ను తినేసేది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఆ చిక్కును దాటారు. కాలిప్ ఆ సారాన్ని శుద్ధి చేశాడు. 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు, అది సరిగా పనిచేయలేదు. జనవరి 23న శుద్ధిచేసిన మందు ఇస్తే చక్కెర దిగింది. మరుసటి ఏడు బాంటింగ్‌కు, ఆ ప్రయోగశాల అధిపతి మాక్లియాడ్‌కు నోబెల్ వచ్చింది. బాంటింగ్ పుట్టిన నవంబరు 14నే ఇప్పుడు ప్రపంచ మధుమేహ దినంగా పాటిస్తున్నాం.

పుటికలో ఎక్కువగా ఉండే బీటా కణాన్ని దగ్గరగా చూద్దాం. అన్నం తిన్నాక రక్తంలో పెరిగిన గ్లూకోజు కణంలోకి వస్తుంది. కణం దాన్ని మండించి ఏటీపీ అనే శక్తి పదార్థం తయారుచేస్తుంది. ఏటీపీ పెరగగానే కణం గోడలోని పొటాషియం ద్వారాలు మూసుకుంటాయి. కణం విద్యుత్ స్థితి మారి కాల్షియం లోపలికి వస్తుంది. దాంతో ఇన్సులిన్ సంచులు గోడకు అతుక్కుని పగిలి, ఇన్సులిన్ రక్తంలో పడుతుంది. చక్కెర ఎంత ఉందో కొలవడానికి బీటా కణం వాడే కొలబద్ద, ఆ చక్కెరను తానే తిని చూడడం. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు చేసేది ఆ పొటాషియం ద్వారాన్ని మూయడమే. గ్లూకోజు తక్కువున్నా అవి మూస్తాయి కాబట్టి, మాత్ర వేసుకుని భోజనం మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.

ఇన్సులిన్ ముందు చేరేది కాలేయానికి. నిర్వాహక సిర దారిలో వెళ్లి అక్కడ గ్లూకోజును గ్లైకోజెన్‌గా దాచమంటుంది. కండరాలు, కొవ్వు కణాలు గ్లూకోజును లోపలికి తీసుకునేలా చేస్తుంది. ఉపవాసం ఉన్నప్పుడు ఆల్ఫా కణాలు గ్లూకగాన్ వదిలి, దాచిన గ్లైకోజెన్‌ను కరిగించమంటాయి. డెల్టా కణాల సొమాటోస్టాటిన్ ఈ రెండింటినీ అదుపు చేస్తుంది. వీటన్నిటి ఫలితంగా పరగడుపున ఆరోగ్యవంతుల గ్లూకోజు డెసిలీటరుకు 70-100 మిల్లీగ్రాముల మధ్యే నిలుస్తుంది. ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాల చిన్న మాంసకృత్తు. 1950ల్లో ఫ్రెడరిక్ సాంగర్ దాని వరసను పూర్తిగా చదివాడు. 1982 నుంచి సూక్ష్మజీవుల్లో పెంచిన మానవ ఇన్సులిన్ మార్కెట్లో ఉంది.

జబ్బులు

మధుమేహం గురించి విడిగా చెప్పుకోవలసింది చాలా ఉంది. ఇక్కడికి ఇంతే: బీటా కణాలను శరీరపు రక్షణ వ్యవస్థే చంపేస్తే మొదటి రకం, శరీరం ఇన్సులిన్ మాట సరిగా వినక, క్రమంగా బీటా కణాలు అలసిపోతే రెండో రకం. భారతదేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహులున్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది.

తాళం, తాళంచెవుల ఏర్పాటు చెడితే వచ్చేది క్లోమశోథ. ట్రిప్సిన్ గ్రంథిలోనే మేల్కొని, గ్రంథిని అరిగించడం మొదలుపెడుతుంది. పిత్తాశయం నుంచి జారిన రాయి నాళం మొనలో ఇరుక్కోవడం, మద్యం, ఈ రెండే ప్రధాన కారణాలు. రక్తంలో ట్రైగ్లిసరైడ్లనే కొవ్వులు డెసిలీటరుకు వెయ్యి మిల్లీగ్రాములు దాటినా రావచ్చు. రక్తంలో లైపేజ్ లేదా అమైలేజ్ మామూలు గరిష్ఠానికి మూడు రెట్లు మించితే రోగనిర్ధారణకు అది బలమైన ఆధారం. చాలామందికి సెలైన్, నొప్పి మందులతో వారంలో నెమ్మదిస్తుంది. దాదాపు అయిదుగురిలో ఒకరికి తీవ్రమై గ్రంథి భాగాలు కుళ్లి, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఇలా పదేపదే జరిగి గ్రంథి గట్టిపడితే దీర్ఘకాలిక క్లోమశోథ. మద్యం ముట్టని యువతకు, పిల్లలకు కూడా నాళంలో రాళ్లు పడి, కొన్నేళ్లకు షుగర్ వచ్చే రకం ఒకటి దక్షిణ భారతంలో, ముఖ్యంగా కేరళలో, ఎక్కువగా కనబడింది. కర్రపెండలం తినడమే కారణమని చాలాకాలం అనుమానించారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకుని 2002లో ప్రచురించిన పరిశోధన, వీళ్లలో చాలామందికి ట్రిప్సిన్‌ను పట్టి ఆపే ఆ మాంసకృత్తు జన్యువులోనే లోపం ఉందని చూపింది. నింద మోసిన దుంప కంటే పుట్టుకతో వచ్చిన బలహీనతకే సాక్ష్యం గట్టిగా ఉంది.

క్లోమ క్యాన్సర్ కఠినమైనది. చాలామందిలో ఇతర అవయవాలకు పాకాకే బయటపడుతుంది. పొగతాగడం, దీర్ఘకాలిక క్లోమశోథ దాని అవకాశాన్ని పెంచుతాయి. తలలో గడ్డ తొందరగా దొరికితే, ఆ తలతోపాటు ఆంత్రమూలం, పిత్తనాళం కొస తీసేసి మళ్లీ కలుపుతారు. 1935లో న్యూయార్క్‌లో అలెన్ విపుల్ వివరించిన శస్త్రచికిత్సకు ఆయన పేరే నిలిచింది. క్లోమాన్ని పూర్తిగా తీసేసినా మనిషి బతకగలడు. జీవితాంతం ఇన్సులిన్ తీసుకోవాలి, ప్రతి భోజనంతోనూ ఎంజైముల గుళికలు వేసుకోవాలి.

మన దగ్గర పొట్ట పైభాగంలో వచ్చే ప్రతి నొప్పినీ గ్యాస్ అనే అంటారు. సోడా తాగి, మందుల షాపులో ఓ మాత్ర కొనుక్కుని రాత్రి గడిపేస్తారు. నొప్పి వీపులోకి పాకుతుంటే, వాంతులు ఆగకపోతే, ముందుకు వంగితే తప్ప కూర్చోలేకపోతుంటే అది గ్యాస్ అనుకోకండి, ఆ పూటే ఆస్పత్రికి వెళ్లండి. యాభై దాటాక కారణం లేకుండా బరువు తగ్గుతూ కొత్తగా షుగర్ బయటపడినా, నొప్పి లేకుండా కళ్లు పచ్చబడినా క్లోమాన్ని ఒకసారి చూడమని డాక్టరును అడగండి.